ఖర్చుల పట్టీలో లేని బియ్యం

విడాకుల కాగితాల చివర నా చేత్తో రాసిన వాక్యం ఒకటుంది. "నాకు ఇప్పుడు గాని, ఇకముందు గాని భరణం అవసరం లేదు, కోరను." లాయరు టైపు చేయించిన పేజీల కింద, ఎవరూ అడగకుండానే, నీలం సిరాతో అది చేర్చి సంతకం పెట్టాను. అప్పటికి నాకు నలభై అయిదేళ్లు. ఏలూరులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేదాన్ని. నెలకు పదకొండు వేల అయిదు వందలు జీతం. పంతొమ్మిదేళ్ల కాపురం ఒక మధ్యాహ్నం కోర్టు వరండాలో ముగిసిపోతుంటే, ఆ మనిషి సొమ్ము ఒక్క రూపాయి కూడా తాకకూడదన్న పట్టుదల తప్ప నా దగ్గర ఇంకేమీ మిగలలేదు.

ఆయనకు ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. మాకు పిల్లలు కలగలేదు. చెరువుల దగ్గర మకాం పెట్టిన నాలుగేళ్లలో ఆయనకు అక్కడ ఇంకొక సంసారం ఏర్పడింది. విషయం తెలిశాక నేను కేకలు వేయలేదు, ఎవరినీ పంచాయతీకి పిలవలేదు. తాడేపల్లిగూడెంలోని ఆ ఇంటి తాళాలు అత్తయ్యగారి చేతిలో పెట్టి ఏలూరు వచ్చేశాను. తరవాత ఇద్దరం ఒప్పుకునే విడిపోయాం. ఆయన ఆవిడను పెళ్లి చేసుకుని గూడెం ఇంటికి తెచ్చుకున్నారు.

నీలం సిరాతో రాసిన ఆ మాటకు నాలుగేళ్లు కట్టుబడి ఉన్నాను. ఆ తరవాత నా వేళ్లు నాకు ఎదురు తిరిగాయి.

మొదట కుడిచేతి చూపుడువేలు. పొద్దున లేచేసరికి కొయ్యబారిపోయి, పది గంటలకు గాని వంగేది కాదు. ఆ తరవాత రెండు చేతులూ. కీళ్లవాతమన్నారు, జీవితాంతం మందులన్నారు. దుకాణంలో లెక్కలన్నీ కంప్యూటరులోకి మారిన ఏడాదే ఇది కూడా జరిగింది. దుకాణం ఆయన మంచివాడు. మూడు నెలలు చూశాడు. నాలుగో నెల మొదటి తారీఖున, ఇంకో నెల జీతం కవరులో పెట్టి ఇచ్చి, "ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నాడు. ఆ రోజు డైరీలో తేదీ, కవరులోని మొత్తం మాత్రమే ఉన్నాయి. రాసిన అక్షరాలు మాత్రం పిల్లలు రాసినట్టు వంకరగా ఉన్నాయి.

ఇరవై ఆరేళ్లుగా డైరీ రాస్తున్నాను. అందులో మనసులోని మాటలు ఉండవు. తేదీ, వారం, వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు, వచ్చినది, ఖర్చయినది. పాలవాడు ఒకరోజు రాకపోతే అదీ ఉంటుంది. ఇంత వివరంగా రాయడం దేనికని ఆయన ఒకప్పుడు నవ్వేవారు. దేనికో నాకూ తెలియదు. రాయని రోజు గడిచినట్టు అనిపించదు, అంతే.

దాచుకున్నది తొమ్మిది నెలలకు సరిపోయింది. పదో నెలలో లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. చింతలపూడి వైపు మెట్ట ప్రాంతం అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. నా నీలం సిరా వాక్యాన్ని రెండుసార్లు చదివింది. విడాకులు అయిపోయిన తరవాత కూడా భరణం అడగవచ్చనీ, వద్దని రాసిచ్చినంత మాత్రాన దారి మూసుకుపోదనీ, పరిస్థితి మారిందని చూపించగలిగితే చాలుననీ చెప్పింది. అయితే నెలకు ఎంత ఖర్చవుతుందో ప్రమాణ పత్రంలో పైసలతో సహా రాయాలంది.

"అది నాకు వదిలేయండి" అన్నాను. ఆ మాట గర్వంగానే అన్నాను.

మూడు రోజులు కూర్చుని పాత డైరీలు తిరగేసి, ఏడాది ఖర్చులన్నీ కలిపి పన్నెండుతో భాగించి పట్టీ తయారు చేశాను. రెండు గదుల వాటాకు అద్దె 4,500. మందులు 2,860. రక్త పరీక్షలు నాలుగు నెలలకొకసారి. నెలకు పడేది 450. కరెంటు, గ్యాసు, పాలు, కూరలు, పప్పులు, నూనె, ఫోను. ఉప్పు 20. మొత్తం 11,979. లాయరమ్మ నెలకు పన్నెండు వేలని పిటిషను వేసింది. ఆ ఇరవై ఒక్క రూపాయల తేడాకు రెండు రోజులు నాకు మనసొప్పలేదు. అలాంటిదాన్ని, ఆ పట్టీలో బియ్యం లేదన్న సంగతి గమనించలేదు.

ఎలా గమనిస్తాను? మా వైపు రైతు కుటుంబాల్లో బియ్యం కొనడమనేది ఉండదు. పుట్టింట్లో ఉన్నంతకాలం మా పొలం బియ్యం తిన్నాను, అత్తింట్లో వాళ్ల పొలం బియ్యం తిన్నాను. బియ్యం ఇంట్లో ఉంటాయి, అంతే. గోడలూ కిటికీలూ ఉన్నట్టు. కిరాణా చీటీలో వాటికి చోటుండదు.

ఒంటరిగా ఏలూరులో ఉన్న ఆరేళ్లూ కూడా నేను బియ్యం కొనలేదు. దానికి కారణం అత్తయ్యగారు.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటి అంచున ఒక పల్లె. పెళ్లినాడు పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్లు ముప్పావు ఎకరం ఆవిడ పేర రాశారు. చుట్టుపక్కల పొలాలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులైపోయినా, ఆ ముప్పావు ఎకరం మాత్రం వరిచేనుగానే మిగిలింది. దాన్నీ తవ్వించి పక్కనున్న తన చెరువులో కలిపేద్దామని ఆయన ఎన్నోసార్లు అడిగారు. నేను బతికుండగా ఆ మట్టి లేపడానికి వీల్లేదని ఆవిడ ఎన్నోసార్లు చెప్పారు. కొడుకు మీద ఆవిడ మాట చెల్లిన విషయం అదొక్కటే.

విడాకులైన ఏడాది, వేసవిలో దాళ్వా పంట కోతలయ్యాక, ఒక ఆటో మా వాటా ముందు ఆగింది. ఆ పొలం కౌలుకు చేసే ఆయన రెండు మూటలు దింపాడు. ఒక్కోటి ఇరవై అయిదు కిలోలు.

"అమ్మగారు దింపేసి రమ్మన్నారండి. పాత బియ్యమేనండి, అన్నం ముద్దవదు. అబ్బాయిగారి చెవిన వేయొద్దన్నారు."

వద్దని తిప్పి పంపాలనుకున్నాను. నీలం సిరా వాక్యం గుర్తుంది. కాని ఇది ఆయన సొమ్ము కాదు. ఆవిడ పుట్టింటి మట్టి. మూట విప్పితే పైన ఎండిన వేపాకు కనిపించింది. పెళ్లైన కొత్తలో, డబ్బాలో బియ్యం పోసి పైన వేపాకు వేయడం నాకు నేర్పింది ఆవిడే. డైరీలో "బియ్యం, రెండు మూటలు, అత్తయ్యగారు" అని రాసుకుని లోపల పెట్టించాను.

ఆ తరవాత ప్రతి వానకాలపు సార్వా పంటకూ, ప్రతి దాళ్వాకూ ఆటో వచ్చింది. మా మధ్య ఉత్తరం గాని, ఫోను గాని లేదు. వేపాకు మాత్రం ప్రతిసారీ ఉండేది. డైరీలో ఆ వరుస పక్కన ఎన్నోసారో అంకె వేసేదాన్ని.

నన్ను బోనెక్కించిన రోజు జూలైలో ఒక బుధవారం. హాల్లో ఫ్యాను తిరుగుతున్నా గాలి లేదు. ఆయన ముందు వరుసలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఆరేళ్లలో జుత్తు బాగా పలచబడింది. ఆయన తరఫు లాయరు పెద్దాయన; మాట మెత్తన. మందుల బిల్లులు చూశారు, దుకాణం ఉద్యోగం గురించి అడిగారు, నీలం సిరా వాక్యం చదివి వినిపించారు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆ తరవాత నా ఖర్చుల పట్టీ చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఏవండీ అమ్మా, ఉప్పు ఇరవై రూపాయల దగ్గర్నుంచి రాశారు. చాలా పద్ధతైన మనిషని తెలుస్తోందండి. కాని ఇందులో బియ్యం కనపడలేదు. మీరు అన్నం తినరా?"

హాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఆ లాయరుదీ కొల్లేటివైపు పల్లేనని తరవాత తెలిసింది. ఎక్కడ చూడాలో ఆయనకు తెలుసు.

లాయరమ్మ నావైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు అర్థమైంది. మరిచిపోయానని చెప్పమంటోంది. ఒక్క మాట. ఆ మాట అంటే పట్టీలో ఇంకో వరుస చేరుతుంది, అంతే. నష్టం లేదు, పైగా లాభం. కాని నేను ప్రమాణం చేసి ఉన్నాను. మరిచిపోయానన్నది ఒక విధంగా నిజమే కూడా. ఇప్పటికీ ఆ క్షణం దగ్గరికి వెళ్లి నిలబడుతూనే ఉంటాను.

"తింటానండి. కొనను" అన్నాను.

"మరి ఎక్కణ్ణుంచి వస్తాయండి?"

"మా అత్తయ్యగారు పంపిస్తారు."

జడ్జిగారు తలెత్తారు. మాజీ అత్తగారా అని అడిగారు. అవునన్నాను. పెద్ద లాయరు గొంతు ఇంకా మెత్తబడింది. "ఎంత పంపించారో ఏమన్నా గుర్తుందా అమ్మా?"

"పదకొండు సార్లండి. ఇరవై రెండు మూటలు. అయిదు వందల యాభై కిలోలు."

అంత వివరం ఎవరూ అడగలేదు. అప్పుడప్పుడూ కొంచెం పంపిస్తారని అనవచ్చు. ఆ అంకె చెప్పేటప్పుడు, నా లెక్క తప్పదన్న గర్వం నా గొంతులో ఉంది. అది దాచుకోవడం నిజాయితీ కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు వరుసలో ఉన్న ఆయన ముఖం చూశాను. కోపం లేదు. లెక్క వేసుకుంటున్నట్టు కళ్లు నేల మీదికి వాలాయి. ఆరేళ్లుగా కౌలు గింజలు తక్కువ వచ్చాయనీ, గాలివానకు చేను పడిపోయిందనీ, ఎలుకలు తిన్నాయనీ తల్లి చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే ఆయన ముందుకు వచ్చి ఉంటాయి. ఇంటికి వచ్చే గింజలు ఎందుకు తగ్గాయో ఆయనకు ఆ హాల్లో, నా నోటి వెంట తెలిసింది.

బయట వరండాలో లాయరమ్మ ఫైలు మూసి, గోడకు ఆనుకుని నిలబడింది. "తప్పు నాదండి. మా మెట్టలో ఆయిల్‌పామ్ వేశాక మేం బియ్యం కొనుక్కునే తింటున్నాం. మొదటి చూపులోనే పట్టుకోవాల్సింది" అంది. ఆమె తప్పేమీ లేదన్నాను. కేసు పోదు కదా అని అడిగాను. పోదంది. నేను అడగాల్సింది కేసు గురించి కాదని బస్సు ఎక్కాక తట్టింది.

తీర్పు అక్టోబరులో వచ్చింది. నెలకు ఏడు వేల అయిదు వందలు. అడిగిన పన్నెండు వేలలో నాలుగున్నర వేలు తగ్గించడానికి కారణం, చెరువుల్లో ఆ ఏడాది వచ్చిన నష్టాలు. బియ్యం సంగతి తీర్పులో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఒక వృద్ధురాలు తన సొంత పొలం నుంచి దయతో పంపిన గింజలకూ, భర్తగా ఉన్న మనిషి బాధ్యతకూ సంబంధం లేదని. ఆ పేజీ చాలాసార్లు చదివాను. నేను చెప్పిన అయిదు వందల యాభై కిలోలు నా భరణంలో ఒక్క రూపాయి తగ్గించలేదు, ఒక్క రూపాయి పెంచలేదు. కోర్టుకు ఆ అంకెతో పనే లేకపోయింది.

నవంబరు అయిదున మొదటి నెల సొమ్ము బ్యాంకులో పడింది. ఫోనులో మెసేజి వచ్చినప్పుడు కూరగాయల బండి దగ్గర ఉన్నాను. ఆరేళ్లు తాకనన్న సొమ్ముతో ఆ రోజు సాయంత్రం మందులు కొన్నాను. వేళ్లకు ఆ తేడా తెలియదు. మాత్రలు ఎప్పటిలాగే పనిచేశాయి.

సార్వా కోతలయ్యాయి. డిసెంబరు గడిచింది. ఆటో రాలేదు. రాదని తెలుసు. అయినా ఆ నెలంతా మధ్యాహ్నం పూట ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే ఉన్నాను. జనవరి మూడో వారానికి డబ్బాలో గ్లాసు అడుగున తగిలింది.

బియ్యం కొట్టుకు వెళ్లి ఏమని అడగాలో నాకు తెలియలేదు. ఏ రకం కావాలన్నాడు. ఏముందన్నాను. పన్నెండు బస్తాల ముందు వరుసగా ప్లాస్టిక్ గిన్నెల్లో నమూనాలు పెట్టి ఉన్నాయి. సోనా మూట తీసుకున్నాను. ఇరవై అయిదు కిలోలు, 1,450. ఇంటికొచ్చి కిలో యాభై ఎనిమిదని లెక్క కట్టాను. నెలకు ఎనిమిది కిలోలు, 464. పాత పట్టీ తీసి, చివరి వరుస కింద బియ్యం అని రాసి మొత్తం దిద్దాను. 12,443. ఆ పట్టీ ఇక ఎవరికీ అక్కర్లేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఆయన చెరువుల దగ్గరే ఉండే వేళ చూసుకుని, ఏలూరులో పాసింజరు ఎక్కాను. భీమడోలు దాటాక రెండువైపులా దాళ్వా నాట్లు పచ్చగా ఉన్నాయి. గూడెంలో దిగి, ఉల్లిపాయల మార్కెట్ పక్క సందులోంచి నడిచి వెళ్లాను. దారి మారలేదు. గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. పక్కకు తప్పుకుని, పెరటి వరండా వైపు చూపించి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమెను నేను చూడడం అదే మొదలు, ఆఖరు కూడా.

అత్తయ్యగారు చాప మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నారు.

"చేతులెలా ఉన్నాయమ్మా?"

చూపించాను. వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని వంచి చూశారు. ఆవిడే అన్నారు.

"ఉప్పు రాశావంట, గ్యాసు రాశావంట. ఒక్క మూట కొన్నట్టు రాసుకోవడానికి నీకు చెయ్యి రాలేదేమిటే అమ్మాయ్?"

"గుర్తు రాలేదు అత్తయ్యగారూ. నిజంగా గుర్తు రాలేదు."

"ఎలా వస్తుందిలే. ఏనాడు కొన్నాం గనక." చింతపండు గిన్నె పక్కకు జరిపారు. "నువ్వు అబద్ధమాడవని తెలిసే పంపాను. ఆ మాట అడిగేవాడుంటాడని అనుకోలేదు."

పొలం సంగతి అడగడానికి భయపడ్డాను. ఆవిడే చెప్పారు. కోర్టు నుంచి వచ్చిన రోజు నుంచీ ఆయన తల్లితో మాట్లాడటం మానేశారు. ఒక్క దురుసు మాట అనలేదు. కంచం ముందుకు వచ్చేది, మందులు వేళకు వచ్చేవి, మాట మాత్రం రాలేదు. నలభై మూడు రోజులు. నాకోసం ఎవరో లెక్క పెట్టినట్టు ఆ అంకె ఆవిడ నోటి నుంచి వచ్చింది.

"వాడు అడగలేదు. ఇప్పుడు అడగలేదమ్మా, ఆ మాట చెప్పుకోవాలి. నేనే పిలిచి, పొలం తవ్వుకోమని సంతకం పెడతానన్నాను. అమ్మా అని పిలిచి ఎన్నాళ్లయిందిరా అన్నాను. అప్పుడు ఏడ్చాడు."

సార్వా కోతలై, గింజలు కళ్లంలోనే అమ్మేసిన వారానికే పొక్లెయిన్ వచ్చిందట. ముప్పావు ఎకరం తవ్వడానికి రెండు రోజులు పట్టలేదట. మట్టితో చుట్టూ గట్టు వేసి, పక్క చెరువులోంచి నీళ్లు వదిలారు. వేసవిలోగా చేపపిల్లలు వేస్తారు. కౌలు ఆయనకు అక్కడే కాపలా పని ఇచ్చారు. తవుడు బస్తాలు పడవలో వేసుకుని చేపలకు మేత చల్లుతాడు.

ఆవిడ మళ్లీ ఈనెలు తీయడం మొదలుపెట్టారు. నేనూ ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నాను గాని, నా వేళ్లకు ఆ పని చేతకాలేదు.

"ఏ రకం తెచ్చుకున్నావు?" అన్నారు తలెత్తకుండా.

"సోనా అండి."

"కిలో ఎంత?"

"యాభై ఎనిమిది."

"మేం యాభై ఆరుకి తెచ్చాం. రెండు రూపాయలు ముంచాడు నిన్ను."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆ ముప్పావు ఎకరమే ఆ ఇంటికి మిగిలిన ఆఖరి వరిచేను. ఇప్పుడు ఆ ఇంట్లోకి కూడా బియ్యం కొట్టు నుంచే వస్తున్నాయి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరి చేలో పండాయో తెలియని బియ్యం తింటోంది.

"తినగలుగుతున్నారా అత్తయ్యగారూ?"

"తినకేం చేస్తాను. తెల్లగా ఉంటాయి." ఒక ఈనె లాగి పక్కన పడేసి, "వాసన లేదు" అన్నారు.

క్షమించమని అడగాలని గూడెం వచ్చాను. రైల్లో ఆ వాక్యం నాలుగు విధాలుగా కూర్చుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. నాలుగున్నర పాసింజరుకు లేచాను. ఆవిడ గోడ పట్టుకుని లేచి, మూలనున్న డబ్బా మీదనుంచి కాగితం పొట్లం ఒకటి తెచ్చి నా సంచిలో పెట్టారు. ఎండిన వేపాకు. కొన్న బియ్యానికి పురుగు ఇంకా తొందరగా పడుతుందన్నారు.

గుమ్మం దాకా రాలేదు. వరండా స్తంభం దగ్గరే ఆగి, గొంతు తగ్గించి చెప్పారు.

"మళ్లీ రాకమ్మా. నువ్వొచ్చావని తెలిస్తే వాడు మళ్లీ మాట మానేస్తాడు. ఈసారి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."

భరణం ప్రతి నెలా అయిదో తారీఖున పడుతోంది. ఇంతవరకు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఆ మాట ఆయన గురించి చెప్పుకోవాలి. బియ్యం కొట్టు మార్చాను. ఇప్పుడు నాకూ యాభై ఆరుకే ఇస్తున్నారు. గూడెం వెళ్లిన రోజు డైరీలో రానుపోను రైలు చార్జీ ఉంది, తేదీ ఉంది. వచ్చినవి రాసే చోట "వేపాకు, ఒక పొట్లం, అత్తయ్యగారు" అని ఉంది. దాని పక్కన, ఆ ఇరవై రెండు మూటల పక్కన రాసినట్టు, ఎన్నోసారో అంకె వేయబోయి ఆగాను. ఇలాంటివి ఇంకా వస్తాయనుకున్నప్పుడే ఆ అంకె వేసేదాన్ని.